జెట్టి ఎక్కాడు

బేకరీలో ఫోను మోగినప్పుడు నేను అట్టపెట్టెలు మడుస్తున్నాను. ఈ వయసులో నాకు మిగిలిన ఉద్యోగం అదొక్కటే. అవతల ఎవరో మగమనిషి, మెత్తటి గొంతు.

"అమ్మా, మీ మనవరాలు పనిచేసే చోటి నుంచి మాట్లాడుతున్నానండీ. ఆమె సెల్లు ఎత్తడం లేదు. నక్షత్రం లేచిందని ఒక్క మాట చెప్తారా?"

"నక్షత్రం లేచింది సరే బాబూ, మా పిల్లే ఇంకా లేవలేదు," అన్నాను.

ఆయన నవ్వబోయి ఆపుకున్నాడు. నేనన్నది వేళాకోళం కాదు. దాని అక్క, మా పెద్దది, పోయిన దగ్గర్నుంచి చిన్నది పొద్దెక్కేదాకా మంచం మీద గోడవైపు తిరిగి ఉండిపోతోంది. నిద్ర కాదు. కళ్ళు తెరుచుకునే ఉంటుంది. ఆ గోడకున్న పెచ్చుల్లో ఏం చూస్తుందో దానికే తెలియాలి.

"మళ్ళీ పడుకుంటుందా బాబూ?"

"ఎవరండీ?"

"నక్షత్రమే."

"పడుకుంటుందమ్మా. కొన్ని వారాలు మెలకువగా ఉంటుందేమో. మళ్ళీ నిద్రపోతే ఎన్నేళ్ళకు లేస్తుందో ఎవరం చెప్పలేం. ఆమె దీనికోసమే ఏళ్ళ తరబడి కాచుక్కూర్చుంది. రమ్మనండి. రాలేనంటే ఆ మాటైనా చెప్పమనండి, ఇంకొకరికి అప్పగిస్తాం."

ఫోను బల్లమీద పెట్టి, మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వెళ్ళి చెప్పాను. చిన్నది ఇటు తిరగనైనా లేదు.

"వెళ్ళను అమ్మమ్మా. రానని చెప్పెయ్."

"ఎందుకు రాదని అడిగితే?"

"అక్క ఊపిరి తోడుకుని చదువుకున్న చదువు నాకొద్దందని చెప్పు."

అలాంటి మాట ఫోనులో ఎలా చెప్తాను? కిందికి దిగి, "కనుక్కుని చెప్తాను బాబూ, ఇంకొకరికి ఇచ్చెయ్యకండి" అని పెట్టేశాను. కానీ ఆ తోడుకోవడమనే మాట దాని నోటికి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు. అది చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

వీళ్ళిద్దరూ నా కూతురి పిల్లలు. చిన్నదానికి ఇంకా పళ్ళు రాకముందే నా కూతురు జ్వరం తగిలి పోయింది. అల్లుడికి ఈ బేకరీ. తెల్లవారకముందే పొయ్యి రాజేసి, పొద్దువాలేసరికి నడుం వాల్చే మనిషి. పిల్లల్ని ఎప్పుడు చూసుకుంటాడు? వాళ్ళు నా చేతుల్లో పెరిగారు. నా చేతుల్లో అన్నమాటే గానీ, చిన్నదాన్ని చంకనేసుకుని తిరిగింది పెద్దదే. తనకే జడ సరిగ్గా వేసుకోవడం రాని వయసు. పిల్ల పిల్లను మోస్తుంటే దారినపోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. "ఒసేయ్, దాన్ని దించవే, నీ నడుం వంకరపోతుంది" అంటే, "దించితే ఏడుస్తుంది అమ్మమ్మా, వంకర నడుమే నయం" అనేది.

అల్లుడు కూడా పోయాక, బడి మానెయ్యమని దానికి ఎవరూ చెప్పలేదు. ఒకరోజు పుస్తకాల సంచి తెచ్చి మేకుకు తగిలించి, అదే మేకుకు వేలాడుతున్న వాళ్ళ నాన్న ఏప్రను తీసి కట్టుకుంది. అది దాని మడమల దాకా వచ్చింది. ఆ సంచి మళ్ళీ దిగలేదు. ఏప్రను మాత్రం రానురాను పొట్టిదైంది.

పొయ్యి దగ్గర పనికి కుదిరినతనే ఆ తర్వాత దాని మొగుడయ్యాడు. బంగారంలాంటి మనిషి, కానీ నోట్లోంచి మాట ఊడిపడాలంటే చెట్టెక్కి దులపాలి. ఊళ్ళో అందరూ పొయ్యాయన అంటారు. "కాస్త ఒత్తి పలకండమ్మా, పోయాయన అనేస్తున్నారు. నా మొగుణ్ణి నిక్షేపంలా ఉండగానే సాగనంపేస్తారా ఏం?" అని పెద్దది రొట్టెలకొచ్చిన వాళ్ళతో పరాచికాలాడేది. పొయ్యాయన ఉన్నాడు. పరాచికాలాడిందే పోయింది.

పొయ్యి ఆయనది, పిండి మిషను దానిది. మిషనంటే ఏం లేదు, పెద్ద ఇనుప గంగాళం, పైనుంచి దాని మధ్యలోకి దిగిన కొక్కెం. కొక్కెం తిరుగుతుంటే పిండి చుట్టుతా తిరిగి తిరిగి మధ్యకు చేరుతుంది. బాగా సాగే పిండైతే అప్పుడొక తమాషా జరుగుతుంది. మధ్యకు చేరిన పిండి అక్కడే పడి ఉండక, కొక్కేన్ని పట్టుకుని పైకెక్కడం మొదలెడుతుంది. అలా వదిలేస్తే మిషను తలకాయలోకి దూరిపోయి అంతా పాడుచేస్తుంది. పెద్దది వేరే పనిలో ఉన్నా, చప్పుడు బరువెక్కడం విని పరిగెత్తుకొచ్చి ఆపేది. ఎక్కిన పిండిని గీకి తీసి ఒక గిన్నెలో వేసి తడిగుడ్డ కప్పేది. రేపటి పిండి పులియడానికి ఇవాళ్టి పిండిలోంచి ఒక ముద్ద దాచిపెట్టాలి కదా, అది. దాన్ని మా ఇంట్లో తోడంటాం. పాలల్లో వేసేదాన్ని తోడనే అలవాటుకొద్దీ ఎప్పుడో నేను అన్నాను, అదే నిలిచిపోయింది. ఎక్కిన పిండినే ఎందుకు దాస్తావే అంటే, "పొయ్యిలోకి పోనని అంత పట్టుబట్టి ఎక్కింది, పోనీ బతకనిద్దాం" అనేది.

ఆ పిండి దుమ్మే దాని ఊపిరితిత్తుల్లో చేరింది. మొదట తుమ్ములు. తర్వాత దగ్గు. ఆ తర్వాత మెట్లెక్కితే ఆయాసం. పిండికి దూరంగా ఉండమన్నాడు డాక్టరు. చేపను నీళ్ళకు దూరంగా ఉండమన్నట్టే ఉంది ఈయన వైద్యం అని ముక్కుకు గుడ్డ కట్టుకుని మళ్ళీ మిషను దగ్గరికే వెళ్ళింది. అప్పటికి చిన్నది పెద్ద చదువుల్లో ఉంది. చదువు ఆగకూడదని పెద్దదానికి పట్టుదల. ఆ సంగతి మాలో ఎవరూ పైకి అనుకునేవాళ్ళం కాదు. ఇంట్లో దూలం ఉందని ఎవరైనా రోజూ చెప్పుకుంటారా?

చిన్నది చదివింది, ఇంకా చదివింది, చివరికి చుక్కలు చూసే ఉద్యోగంలో కుదురుకుంది. ఊళ్ళకు దూరంగా, గడ్డి కూడా సరిగ్గా మొలవని మైదానంలో ఆకాశం వైపు తిప్పిన పెద్ద పెద్ద పళ్ళేలు ఉంటాయట. "అంతంత పళ్ళేలు పెట్టుకుని ఏం తింటారే?" అన్నాను ఫోటో చూసి. "వెలుతురు తింటారు అమ్మమ్మా. అందుకే అదలా పుల్లలా తయారైంది" అంది పెద్దది.

ఒకసారి మా ఊరి గ్రంథాలయంలో మామూలు జనానికి అర్థమయ్యేలా దాని పని గురించి చెప్పమని చిన్నదాన్ని పిలిచారు. పొయ్యి వదిలి రాలేనని పొయ్యాయన ఉండిపోయాడు. నేనూ పెద్దదీ వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాం. పెద్దది ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది. ఎంత దులుపుకున్నా చెవుల వెనక పిండి కనిపిస్తూనే ఉంది.

చిన్నది భలే చెప్పింది. చచ్చిపోయిన కొన్ని నక్షత్రాల నడిమి భాగం నలిగి నలిగి చిన్న ముద్దవుతుందట. వెడల్పు ఒక ఊరంత. బరువు మాత్రం సూర్యుణ్ణి మించి. దాన్ని న్యూట్రాన్ నక్షత్రం అంటారట. "కొన్నిటికి పక్కనే ఇంకో నక్షత్రం ఉంటుంది. మామూలుది, మెత్తనిది. తోడు నక్షత్రం. కానీ ఈ ముద్ద ఊరుకోదండీ. తన తోడులోంచే తోడుకుంటుంది" అంది.

హాల్లో మెచ్చుకోలుగా గుసగుసలు లేచాయి. మాట కుదిరిందని దాని ముఖం వెలిగింది. పాపం, ఇంట్లో పుట్టి పెరిగిన మాటతో కాసేపు ఆడుకుంది, అంతే.

"మధ్యలో ఏమైనా అడగొచ్చు" అంది.

పక్కన పెద్దది చెయ్యెత్తింది. బడి మానేశాక అది చెయ్యెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

"ఏమండీ మేడమ్ గారూ! మరి ఆ తోడు చివరికి ఏమవుతుందండీ?"

అక్కాచెల్లెళ్ళని తెలిసినవాళ్ళంతా నవ్వారు. చిన్నదీ నవ్వింది. నవ్వుతూనే, అదే వేదిక గొంతుతో చెప్పింది: "తరిగిపోతుందండీ. తరిగి తరిగి, కొన్నిసార్లు చివరికి ఏమీ మిగలకపోవచ్చు కూడా."

చెప్పాక దాని నవ్వు సగంలో ఆగింది. ఏమన్నదో, ఎవరితో అన్నదో అప్పుడు తగిలింది కాబోలు. సరిగ్గా అదే సమయానికి పెద్దదానికి దగ్గుతెర వచ్చింది. రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని లేచి బయటికి నడిచింది. వెనకాలే నేను. తలుపు దగ్గర తిరిగి చూస్తే, చిన్నది మాట మరిచిపోయి మా వీపులవైపే చూస్తోంది.

బయట వసారాలో దగ్గు సర్దుకున్నాక, "పదవే లోపలికి" అన్నాను.

"వద్దమ్మమ్మా. మళ్ళీ దగ్గానంటే దాని ఉపన్యాసం చెడుతుంది. ఇక్కణ్ణుంచే విందాం."

తలుపు ఓరగా తీసి చెవి ఆనించింది. నేను దాని భుజం మీద గడ్డం పెట్టాను. లోపల్నుంచి చిన్నదాని గొంతు మొదట కాస్త వణికి, తర్వాత నిలదొక్కుకుంది. తోడుకున్నది తిన్నగా వచ్చి పడదట. చుట్టూ సుడిలా తిరుగుతుందట. కొంత ఆ ముద్ద మీద పడి, పేరుకుని పేరుకుని, ఉన్నట్టుండి భగ్గుమంటుందట. "కానీ తోడుకున్నదంతా లోపలికి పోదండీ. కొంత పడబోతూ పడబోతూ లేచి, పైకొకటి, కిందికొకటి, సన్నటి ధారలుగా చిమ్ముకుపోతుంది. వెలుతురుతో పందెం వేసేంత వేగం. ఆ ధారలనే జెట్టులంటాం. అవి ఎలా పుడతాయో ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియదు. నా పని అదే. ఈ ముద్దలు కొన్ని ఏళ్ళ తరబడి నిద్రపోతాయి, లేచినప్పుడే చూడగలం. ముందు ఆ మంట మెరుపు కనిపిస్తుంది. కొన్ని నిమిషాలు ఆగాక ధారలు ప్రకాశిస్తాయి. ఎంత ఆలస్యమైందో చూసి, అవి ఎంత జోరుగా పోతున్నాయో లెక్కకడతాం" అంది.

నా చెవులు అంతంతమాత్రం. మా చిన్నప్పుడు కుస్తీలు పట్టే వస్తాదును జెట్టి అనేవాళ్ళం.

"ఎవరే ఆ జెట్టి? నక్షత్రంలో వస్తాదేంటే?" అన్నాను.

పెద్దది గోడకు చేరగిలబడి, నోరు మూసుకుని, కళ్ళెంట నీళ్ళొచ్చేలా నవ్వింది. "అవునమ్మమ్మా, జెట్టే. మింగబోతే మధ్యలో లేచి ఆమడ దూరం దూకేశాడట!" అంది. ఇంటికొచ్చే దారంతా అదే నవ్వు. వీధి మలుపు దగ్గర ఆయాసం తీర్చుకోవడానికి ఆగినప్పుడు మాత్రం, నాతో కాదు, తనలో తనే, "అయితే అంతా పోదన్నమాట" అంది.

మర్నాటి పిండి పని ఉందని మేం ముందే వచ్చేశాం. చిన్నది అక్కణ్ణుంచి అటే బస్సెక్కింది. ఎందుకు లేచి వెళ్ళావని అక్కను అడగడానికి దానికి భయం. పెద్దదానికేమో, అడగడానికి ఒక సంగతి ఉందనే తెలియదు.

తర్వాత వచ్చిన చలికాలంలో పెద్దదాన్ని ఆసుపత్రిలో చేర్చాం. చిన్నది పరుగున వచ్చింది. పెద్దది మూతిమీది మాస్కు పక్కకు లాగి, బుగ్గలు లోపలికి పీల్చి చూపించి, "చూశావే, తరిగిపోయాను!" అంది. జీవితమంతా ఒళ్ళు తగ్గలేదని గోల పెట్టిన మనిషి అది. అమ్ముడుపోని రొట్టెలన్నీ నా ఒంటికే అమ్ముడుపోతాయి అనేది. నాకు నవ్వొచ్చింది. చిన్నదాని ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. అక్కను అలా చూసి తట్టుకోలేకపోయిందనుకున్నాను. మాస్కు మళ్ళీ మూతిమీదికి వెళ్ళింది. ఆ తర్వాత పెద్దది మాట్లాడింది తక్కువ. "పొయ్యి ఆరిపోనివ్వకు" అని మొగుడితో అంది. "ఇంకా ఇక్కడే ఉన్నావేంటే, పని చూసుకో పో" అని చెల్లెలితో అంది. ఒక తెల్లవారుజామున, సరిగ్గా మిషను తిప్పే వేళకు పోయింది.

చిన్నది ఏడవలేదు. అందరం ఏడ్చాం, పొయ్యాయన పొయ్యిలో తల పెట్టినట్టు వంగి వంగి ఏడ్చాడు. అది మాత్రం వచ్చినవాళ్ళకు కుర్చీలు వేసింది, గ్లాసులు కడిగింది. గుండె రాయి అని ఎవరో అన్నారు కూడా.

బేకరీ తెరిచాక పొయ్యాయన మిషను జోలికి వెళ్ళలేదు. "అది ఆవిడది" అన్నాడు. చేత్తోనే కాస్త పిండి కలిపి, ఎన్ని రొట్టెలైతే అన్నే కాల్చాడు. గిన్నెలో తోడు ముద్ద ఎండిపోకుండా మాత్రం చూశాడు.

అలా ఉండగా వచ్చిందీ ఫోను. ఆ సాయంత్రం చిన్నది మేడ దిగి వచ్చి, మేకు మీది ఏప్రను తీసి కట్టుకుంది.

"రేపట్నుంచి మిషను నేను నడుపుతాను బావా."

పొయ్యాయన పొయ్యి వైపు తిరిగిపోయాడు. నేనే ఉండబట్టలేక అన్నాను. "నీకు పిండి కలపడం వచ్చటే? చిన్నప్పుడు రొట్టె చెయ్యమంటే ఇటుక చేశావు. అక్కడ నక్షత్రం నీకోసం లేచి కూర్చుంటే!"

"కూర్చోనీ."

"అసలు నీ మనసులో ఉన్నదేమిటో కక్కు."

మెట్టు మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాటితోనే మాట్లాడుతున్నట్టు చెప్పింది. "అంతమంది ముందు అన్నాను అమ్మమ్మా. నువ్వు తరిగిపోతావు, నీలో ఏమీ మిగలదు అని. నవ్వుతూ అన్నాను. అది లేచి వెళ్ళిపోయింది. ఆసుపత్రిలో ఆ మాటే నాకు తిరిగిచ్చేసింది. తరిగిపోయాను చూడు అంది."

"ఓసి పిచ్చి మొద్దూ! ఒళ్ళు తగ్గిందని మురిసిపోయిందే అది!"

"నువ్వలాగే అంటావు."

"లేచి వెళ్ళిపోనూ లేదు. తలుపు వెనక నిలబడి నువ్వు చెప్పిందంతా విన్నది. నేను పక్కనే ఉన్నాను కదే."

అది నావైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఉంటే బాగుండేది.

"అమ్మ ఏదని చిన్నప్పుడు నిన్నడిగితే ఊరెళ్ళింది, వస్తుందన్నావు అమ్మమ్మా. ఎన్నేళ్ళు చెప్పావు ఆ మాట?"

 నేను ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, ఏప్రను విప్పకుండానే పైకి వెళ్ళిపోయింది. పిల్ల ఏడవకూడదని చెప్పిన అబద్ధం ఇన్నేళ్ళకు వచ్చి నా నిజం నోరు మూసింది.

తెల్లవారుజామున కిందికి దిగేసరికి దీపం వెలుగుతోంది. చిన్నది గంగాళంలో పిండి, నీళ్ళు పోసి, తోడు ముద్ద వేసి మీట నొక్కింది. నెలరోజులుగా మూగబోయిన మిషను గుర్రుమంది. పొయ్యాయన పొయ్యి వైపు తిరిగి బొగ్గులు ఎగదోస్తున్నాడు. ఆ చప్పుడు వినగానే ఆయన వీపు బిగుసుకోవడం నాకు కనిపించింది. అయినా తిరగలేదు. తన పని తను చేసుకుంటున్నాడు.

పిండి తిరిగింది. ముద్దకట్టింది. మధ్యకు చేరింది. చిన్నది గంగాళంలోకే చూస్తూ నిలబడింది గానీ, అది చూస్తున్నది పిండిని కాదు. చప్పుడు బరువెక్కింది. పిండి కొక్కేన్ని వాటేసుకుని మెల్లగా పైకి పాకడం మొదలెట్టింది.

వెనక్కి తిరక్కుండానే పొయ్యాయన కేక వేశాడు.

"ఏమే, జెట్టి ఎక్కాడు, ఆపు!"

కేక వేశాక గాని ఆయనకు తెలిసిరాలేదు, మిషను దగ్గరున్నది తన భార్య కాదని. చేతిలో ఇనప కడ్డీ అలాగే ఉండిపోయింది. మేం ముగ్గురం అలాగే ఉండిపోయాం. మిషను ఒక్కటే గుర్రుమంటోంది. పిండి ఎక్కుతూనే ఉంది. చివరికి నేనే వెళ్ళి మీట ఆపాను.

"ఏమన్నావు బావా?"

"తప్పయింది చిన్నమ్మాయ్. నిన్ను ఏమే అన్నాను. నోటికి అలవాటైపోయి…"

"అది కాదు. ఎవరెక్కారన్నావు?"

"జెట్టి," అన్నాడు, ఇందులో వింతేముందన్నట్టు. కడ్డీతో కొక్కెం చూపించాడు. "అదే. అలా ఎక్కే పిండి. మీ అక్క పెట్టిన పేరేగా."

"ఎప్పుడు పెట్టింది?"

పొయ్యాయనకు అన్ని మాటలు ఒక్కసారి కూడబెట్టుకోవడానికి కాస్త సమయం పట్టింది. "నీ మీటింగుకు వెళ్ళొచ్చిన మర్నాడు. పిండి ఎక్కుతోంది చూడు అన్నాను. 'పిండి కాదయ్యా, జెట్టి అనాలి. మా చెల్లి చెప్పింది. సుడిలో పడి కూడా లోపలికి పోకుండా మధ్యలోంచి లేచి దూకేవాణ్ణి జెట్టి అంటారు' అంది. అప్పట్నుంచీ అంతే. రోజూ ఆ ముద్ద గీకి గిన్నెలో వేస్తూ, 'మా చెల్లి ఎక్కినంత దూరం ఎక్కరా నాయనా' అనేది." ఆగి, "నువ్వే చెప్పావనుకున్నానే. కాదా?" అన్నాడు.

పొయ్యాయన అబద్ధం చెప్పే మనిషి కాదు. అబద్ధానికైనా మాటలు కావాలి కదా, ఆయన దగ్గర అవీ లేవు.

"జెట్టి కాదు బావా," అంది చిన్నది. "జెట్టు." నవ్వబోయింది. "తరిగిపోతుందని చెప్పి, అక్క బయటికి వెళ్ళాక చెప్పాను అది. వెళ్ళాక!"

"జెట్టి అని విన్నది నా చెవే," అన్నాను. "తలుపు వెనకాల. అది పడీ పడీ నవ్వింది."

చిన్నది కొక్కెం మీది పిండిని చేత్తో పట్టుకుంది. గీకడానికి కాదు. ఊరికే పట్టుకుంది, మనిషి మణికట్టు పట్టుకున్నట్టు. అప్పుడు వచ్చింది ఏడుపు. నెలరోజులు పేరుకున్నది ఒక్కసారి వచ్చింది. గంగాళం అంచుమీద తల పెట్టుకుని, "అక్కా, అక్కా" అంటూ, ఊపిరి అందక, మళ్ళీ అందుకుని, అలా ఏడుస్తూనే ఉంది. ఊరుకోమని నేననలేదు. పొయ్యాయన తిరిగి పొయ్యి వైపు వెళ్ళాడు. బొగ్గులు ఎగదోస్తున్నట్టే ఉంది గానీ చప్పుడు లేదు. ముందు మంట, తర్వాతే ధార అని ఆ రోజు అది చెప్పినప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడూ నక్షత్రాల సంగతి నాకు తెలియదు. మా పిల్ల సంగతి తెలిసింది.

తెల్లగా తెల్లారాక అదే లేచి, జెట్టిని గీకి తీసి గిన్నెలో వేసి తడిగుడ్డ కప్పింది. మరీ పెద్ద ముద్ద తీసింది. పొయ్యాయన సగం తుంచి పిండిలో కలిపాడు. ఆ రోజు రొట్టెలు ఒక వైపు పొంగి ఒక వైపు అణిగాయి. కొనేవాళ్ళు ఏమీ అనకుండా తీసుకెళ్ళారు. మధ్యాహ్నానికి ఏప్రను మేకుకు తగిలించి, మొహం కడుక్కుని, బస్సెక్కింది. వెళ్ళేముందు "మిషను ఆపడం మరిచిపోకు బావా" అంది. 

వారం తిరక్కుండా ఫోను చేసింది. నక్షత్రం ఇంకా మేలుకునే ఉందట. మెరుపు పట్టుకున్నారట, దాని వెనకాలే ధారలు వెలగడమూ చూశారట. "ఎలా ఉందే చూడ్డానికి?" అంటే, "గీతలే అమ్మమ్మా, తెరమీద పైకి లేచే గీతలు" అంది. గొంతులో కాస్త జీవం ఉంది. అలసట కూడా ఉంది.

"మరి ఆ తోడు?" అన్నాను. ఎందుకడిగానో నాకే తెలియదు. అడగాల్సిన మనిషి ఇప్పుడు లేదు కదా, అందుకేమో.

అవతల ఏవో కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. 

"ఉంది అమ్మమ్మా," అంది. "తరుగుతూనే ఉంది."

ఈసారి అది నవ్వుతూ చెప్పలేదు. నేనూ కాదనలేదు. కాదనడానికి ఏముంది? చెవుల వెనక పిండి అంటుకుని తిరిగే ఆ మనిషి మరి రాదు. ఆ గిన్నెలో ముద్ద రోజూ పొంగితే మాత్రం, పేరు పెట్టిన నోరు తిరిగొస్తుందా?

ఇప్పుడు మిషను పొయ్యాయనే నడుపుతున్నాడు. మీట నొక్కి పొయ్యి వైపు వెళ్ళిపోతాడు. నేను అట్టపెట్టెలు మడుస్తూ కూర్చుంటాను. కాసేపటికి చప్పుడు బరువెక్కుతుంది. ఆయన వెనక్కి తిరగడు. కేక మాత్రం వేస్తాడు, ముందు ఏమే అన్న పిలుపు లేకుండా.

"జెట్టి ఎక్కాడు."

ఎవరూ పలకరు. నేను అట్టముక్క పక్కన పెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచి వెళ్ళి ఆపుతాను.